సూదిలా నిలిచిన స్త్రీ

కొరియా భాషలో మూటను ‘బొత్తారి’ అంటారు. కాపురం మారినా, ఆపద తరిమినా మనిషి వెంట నడిచేది అదే. ‘మూటాముల్లె సర్దుకోవడం’ అనే పలుకుబడి ఎరిగిన తెలుగువారికి ఆ మాట వెనుక ఉన్న బ్రతుకును వివరించనక్కరలేదు. ఆ మూటనే తన కళగా చేసుకున్న స్త్రీ కిమ్‌సూజా.

ఆమె 1957లో దక్షిణ కొరియాలోని డేగు నగరంలో జన్మించింది. 1983లో ఒకనాడు తల్లితో కలసి దుప్పటి కుడుతుండగా, సూదిమొన బట్టలోకి దిగిన క్షణంలో తన మార్గం తనకు స్ఫురించిందని ఆమె చెప్పుకున్నది. అటుపిమ్మట కొరియా ఇళ్లలో వాడి విడిచిన రంగురంగుల పడకదుప్పట్లు ఆమె కళకు సామగ్రి అయ్యాయి. దాంపత్యాన్నీ, పురుడునూ, వ్యాధినీ, మరణాన్నీ చూసిన గుడ్డలవి. 1997లో అటువంటి మూటలను లారీపై పేర్చి, వాటి మీద కూర్చొని, పదకొండు రోజులపాటు స్వదేశంలో 2,727 కిలోమీటర్లు తిరిగింది.

తరువాత ఆమె మూటను వదలి, తానే సూది అయింది. 1999–2001 మధ్య టోక్యో, షాంఘై, ఢిల్లీ, న్యూయార్క్, మెక్సికో సిటీ, కైరో, లాగోస్, లండన్ నగరాల వీధుల్లో జనసమ్మర్దం నడుమ కదలక నిలబడింది. కెమెరా ఆమె వీపును మాత్రమే చూపుతుంది. ‘సూది స్త్రీ’ అని ఆ వీడియోలకు పేరు. సూది రెండు గుడ్డలను కలుపుతుంది, తాను మాత్రం అక్కడ మిగలదు. టోక్యోలో జనం ఆమె లేనట్టే పక్కనుండి సాగిపోతారు. ఢిల్లీలో పలువురు ఆగి ఆమె వంక తేరిపార చూస్తారు.

ఆ చూపులో కుతూహలం ఉంది. ‘నీవెక్కడి దానివి?’ అనే ప్రశ్న కూడా ఉంది. నిజానికి ఢిల్లీయే మూటలతో వచ్చినవారి నగరం. 1947 విభజనలో సర్వం కోల్పోయి వచ్చిన కాందిశీకులకు ఆశ్రయమిచ్చిన పేటల్లో లాజ్‌పత్ నగర్ ఒకటి. నేడు కొరియా సాంస్కృతిక కేంద్రం వెలసినదీ ఆ పేటలోనే. 2014 జనవరిలో అరుణాచల్ ప్రదేశ్‌కు చెందిన నిడో తానియా అనే విద్యార్థి, తన జుట్టును హేళన చేసినవారితో తలెత్తిన ఘర్షణలో దెబ్బలు తిన్నదీ అక్కడే. మరునాడు అతడు మరణించాడు. దూరదేశపు కళకు చోటిచ్చిన పేటలోనే స్వదేశపు యువకుడు పరాయివాడయ్యాడు.

2003లో ఆమె ఇంటిపేరునూ సొంత పేరునూ విడదీయక ఒకే పదంగా ప్రకటించుకుంది. స్త్రీయా పురుషుడా, వివాహమైనదా లేదా, ఏ దేశం అనే ప్రశ్నలకు ఆ పేరు లొంగదని ఆమె భావం. అంతమాత్రాన ఆమె పుట్టుకను పారవేసుకోలేదు. మూటకు కట్టిన గుడ్డ నేటికీ కొరియా దుప్పటియే. మన ఇళ్లలో పాత చీరలతో కుట్టే బొంతలో ఏ ముక్కా తన రంగును వదులుకోదు, అయినా అన్నీ కలిసే చలి కాస్తాయి. సంస్కృతుల కలయికను ఆమె అర్థం చేసుకున్న తీరు ఇదే.

2000లో ఢిల్లీలోనే, యమున ఒడ్డున ఒక దహనవాటిక సమీపంలో ఆమె మరొక వీడియో చిత్రించింది. ‘బట్టలుతికే స్త్రీ’ అని దాని పేరు, కాని అందులో ఉతుకుడు లేదు. ఆమె నదికి ఎదురుగా నిలిచి ఉంటుంది. పూలూ, చితుల అవశేషాలూ నీటిపై మెల్లగా సాగిపోతుంటాయి. పదిన్నర నిమిషాలపాటు అంతకు మించి ఏమీ జరగదు. కదులుతున్నది నదియో తానో తెలియని స్థితి ఆ నడుమ తనకు కలిగిందని ఆమె తరువాత చెప్పింది.

ఆ వీడియోలోనూ ఆమె ముఖం కానరాదు. ముఖం చూసి దేశాన్ని నిర్ణయించే అలవాటుకు అక్కడ ఆధారం దొరకదు. ప్రేక్షకుడు, ఆమె చూస్తున్న నీటినే తానూ చూడవలసి వస్తుంది.