పథ్యం నింద కారాదు

పథ్యమనే మాట ‘పథం’ నుండి పుట్టింది. బాటకు ఎడము కానిది పథ్యం. మన పెద్దలు ఆహారాన్ని ఆరోగ్యానికి దారిగా తలచారే గాని, రోగిపై మోపే నేరంగా తలచలేదు. ఈనాడు ఒక స్త్రీకి రాచపుండు సోకిందని తెలియగానే చుట్టుపక్కలవారు మొదట అనేమాట – “ఏమి తిన్నదో!”

భద్రాచలం మన్యంలో చాలాకాలం తెలుగు బోధించినవాడిని. మా బడిలో వంట చేసే ఒక కోయ తల్లికి గర్భాశయ ముఖద్వార క్యాన్సరని వైద్యులు తేల్చారు. ఊరిలో ఒకరు ఎండుచేపలన్నారు, ఒకరు ఇప్పసారా అన్నారు, మరొకరు రేషను బియ్యమన్నారు. పిల్లలందరికీ వడ్డించి అడుగున మిగిలినది తినే మనిషిని తిండి పేరిట దెప్పడం విని నా మనసు కలుక్కుమన్నది.

ఆహారానికి పాత్ర లేదని నేననను. మద్యం రొమ్ము క్యాన్సరుకు కారణాలలో ఒకటి. కొద్దిగా తాగినా ముప్పు కొంత పెరుగుతుంది. ముట్లుడిగిన తరువాత అధికంగా పెరిగిన బరువు కూడా అంతే. బిడ్డకు పాలివ్వడం ఆ ముప్పును కొంత తగ్గిస్తుంది. పొగాకు కలపకపోయినా వక్క నమలడం నోటి క్యాన్సరుకు దారితీయగలదని ప్రపంచ ఆరోగ్య సంస్థకు చెందిన క్యాన్సరు పరిశోధన సంస్థ 2004లో ప్రకటించింది. మన్యంలో ఒకనాడు నిత్యాహారమైన జొన్నలు, సామలు, కొర్రలలో పీచు మెండు. పీచు పెద్దప్రేగు క్యాన్సరు ముప్పును తగ్గిస్తుంది. కాని చిరుధాన్యాలు తింటే క్యాన్సరు నయమవుతుందని చెప్పేవారి మాట నమ్మి వైద్యం మానుకోవడం ప్రాణాంతకం.

మన దేశ స్త్రీలలో రొమ్ము క్యాన్సరు తరువాత ఎక్కువగా కనిపించేది గర్భాశయ ముఖద్వార క్యాన్సరు. దానికి మూలం పళ్లెంలో లేదు. హెచ్‌పీవీ అనే వైరస్ ఏళ్ల తరబడి శరీరంలో నిలిచిపోవడమే దానికి ప్రధాన కారణం. ఆ సంగతి కనుగొన్న జర్మనీ శాస్త్రవేత్త హరాల్డ్ జుర్ హౌసెన్‌కు 2008లో నోబెల్ బహుమతి లభించింది. దానికి టీకా ఉన్నది.

ఆ టీకా పేరు చెప్పగానే మా ప్రాంతంలో పాతగాయం రేగుతుంది. 2009 జూలైలో నాటి ఖమ్మం జిల్లాలోని భద్రాచలం, కొత్తగూడెం, తిరుమలాయపాలెం మండలాలలో పది నుండి పద్నాలుగేళ్ల బాలికలు సుమారు 14,000 మందికి దానిని ఇవ్వడం మొదలుపెట్టారు. పాత్ అనే అమెరికా సంస్థ, భారత వైద్య పరిశోధన మండలి, రాష్ట్ర ప్రభుత్వం కలిసి చేపట్టిన పని అది. కొందరు బాలికలు మరణించిన పిదప 2010 ఏప్రిల్‌లో దానిని నిలిపివేశారు. ఆ మరణాలకు టీకాయే కారణమని విచారణలో తేలలేదు. తేలినది వేరొకటి: తల్లిదండ్రులు సమ్మతి తెలుపవలసిన పత్రాలు అనేకం వసతిగృహాల వార్డెన్ల సంతకాలతో, ప్రధానోపాధ్యాయుల సంతకాలతో నిండాయి. 2013లో పార్లమెంటు స్థాయీ సంఘం దీనిని తీవ్రంగా తప్పుపట్టింది.

“ఏమి తిన్నదో” అన్న నిందలోనూ, ఆ సంతకాలలోనూ నాకు కనిపించే దోషం ఒక్కటే. ఆమెను ఎవరూ అడుగలేదు, ఆమెకు ఎవరూ చెప్పలేదు.

2022లో మన దేశంలోనే తయారైన హెచ్‌పీవీ టీకాకు అనుమతి లభించింది. ముప్పై ఏళ్లు దాటిన స్త్రీలకు అయిదేళ్లకొకసారి ఈ క్యాన్సరు పరీక్ష చేయాలన్నది ప్రభుత్వ విధానం. ముట్లుడిగాక రక్తం కనబడినా, కలయిక తరువాత కనబడినా సిగ్గుపడి దాచరాదు. ఇవన్నీ కోయ తల్లికి కోయ భాషలో చెప్పాలి. ఆమె అడిగిన ప్రతి ప్రశ్నకూ బదులివ్వాలి. ఆ తరువాతనే కాగితం ఆమె ముందు పెట్టాలి. సంతకమో, వేలిముద్రో – అది ఆమెదే కావాలి.