చీమల వేట

చీమ కుడితే గిల్లినట్టు వుంటుందనుకునేవారు బస్తరు అడవి చీమలను ఎరగరన్నమాట. నేను ఎరుగుదును. మా నాన్నగారు నాకంటే బాగా ఎరుగుదురు.

1991 వేసవి సెలవులు. నాకప్పుడు పదేళ్లు. మా మేనమామ జగదల్‌పూరు దగ్గర ఒక పల్లెలో బడిపంతులు. మూడేళ్ల కిందట అక్కడి హల్బా వారి అమ్మాయినే పెళ్లాడాడు. తెలుగు పండితులైన మా నాన్నగారు ఆ పెళ్లికి వెళ్లలేదు, అమ్మను వెళ్లనివ్వనూ లేదు. అమ్మ ఒక్క మాట అనలేదు. ఏటా ఆవకాయ పెట్టినప్పుడు తమ్ముడి పేర ఒక జాడీ నింపి, వాసెన కట్టి, అటక మీద పెట్టేది. మూడో జాడీ అటకెక్కిన రోజున నాన్నగారు దానికేసి కాసేపు చూసి, చెప్పులేసుకుని వెళ్లి, రైలు టిక్కెట్లు కొనుక్కొచ్చారు.

విశాఖపట్నంలో పొద్దున్నే కిరండూలు పాసింజరు ఎక్కాము. బైలదిల్లా ఇనుప ఖనిజం కోసం కొండలు తొలిచి వేసిన దారి అది. శృంగవరపుకోట దాటిన దగ్గరనుంచీ సొరంగం వెంట సొరంగం. చీకటి పడినప్పుడల్లా అక్కా నేనూ కేకలు వేయడం, వెలుగు రాగానే అమ్మ జాడీలు లెక్కపెట్టుకోవడం. సిమిలిగూడ స్టేషను బోర్డు మీద ఎత్తు 996 మీటర్లని చదువుకున్నాము. అరకు, కోరాపుట్ మీదుగా సాయంత్రానికి జగదల్‌పూరు చేరాము. ఇప్పుడది ఛత్తీస్‌గఢ్‌లో వుంది గాని, 2000 దాకా మధ్యప్రదేశే.

అత్తయ్య కాళ్లకు నీళ్లిచ్చింది. అన్నం వడ్డించింది. నాన్నగారు కడుపులో బాగాలేదంటూ రెండు అరటిపళ్లతో సరిపెట్టారు. రాళ్లనైనా అరిగించుకునే కడుపు ఆయనది. సంగతి అందరికీ అర్థమైంది. అత్తయ్య విస్తరి తీసేసింది, ఏమీ అనకుండా.

మర్నాడు మామయ్య, "బావగారూ, అడవి చూద్దురుగాని రండి," అని బయల్దేరదీశాడు. వెనకనే అత్తయ్య, చేత పొడుగాటి దోటి, చంకన నీళ్ల బిందె. సాల చెట్ల మధ్య ఒకచోట ఆగి పైకి చూపించాడు మామయ్య. కొమ్మ చివర ఆకులన్నీ కలిసి బంతిలా వున్నాయి. ఎర్రచీమల గూడు! కొన్ని చీమలు ఆకుల అంచులను లాగి పట్టుకుంటాయట. మరికొన్ని తమ పిల్లపురుగులను నోట కరచుకుని, సాలెవాడు నాడె ఆడించినట్టు అటూ ఇటూ తిప్పుతాయట. ఆ పురుగుల నుంచి వచ్చే పట్టుదారంతో ఆకులు అతుక్కుంటాయి.

నాన్నగారికి ఉత్సాహం వచ్చింది. చీమలు కూడి పెద్ద పామును చంపే సుమతీ శతక పద్యం అందుకుని, సరిగ్గా గూడు కింద నిలబడి, మాకు తాత్పర్యం చెప్పసాగారు. పామింకా చావనే లేదు, దోటి తగిలి కొమ్మ విరిగింది. గూడు వచ్చి ఆయన భుజం మీద పడింది.

తరవాతి సంగతి ఏమని చెప్పను? నాన్నగారు అంత చక్కగా చిందు వేయగలరని మాకు అంతవరకూ తెలియదు. కరవడంతో తృప్తిపడే చీమలు కావవి, కరిచినచోట పులుపు చిమ్ముతాయి. ఉత్తరీయం ఒక పొదలో, కళ్లజోడు ఇంకో పొదలో. అమ్మ "అయ్యో, అయ్యో" అంటూనే కొంగు నోటికి అడ్డం పెట్టుకుంది. మామయ్య కొయ్యబారిపోయాడు. అత్తయ్య ఒక్క అంగలో వచ్చి, గూడు ముంచడానికి తెచ్చిన బిందెడు నీళ్లూ ఆయన నెత్తిన కుమ్మరించింది!

అడవంతా నిశ్శబ్దం. అత్తయ్య ఖాళీ బిందె పట్టుకుని వణుకుతోంది. నాన్నగారు మొహం తుడుచుకుని, "చీమలను ముంచమంటే పండితుణ్ణి ముంచావేమమ్మా!" అని పకపకా నవ్వారు. ఆమెతో ఆయన మాట్లాడిన మొదటి మాట అది. ఆమెకు తెలుగు రాదు. అయినా 'అమ్మా' అన్నది అర్థమైంది కాబోలు, కళ్లు తుడుచుకుంది.

మళ్లీ నీళ్లు తెచ్చి, ఇంకో రెండు గూళ్లు దింపి ముంచారు. మధ్యాహ్నం ఆ చీమలను తెల్లటి గుడ్లతో సహా ఉప్పు, మిరపకాయలు, అల్లం, కొత్తిమీర వేసి సన్నికల్లు మీద నూరింది అత్తయ్య. మాది చేపా మాంసమూ తినే ఇల్లే గాని, చీమలా! అందరం ఒకరి మొహాలొకరు చూసుకున్నాము. నాన్నగారు విస్తరి ముందుకు లాక్కుని, "నన్ను తిన్నవాటిని నేను తినకపోతే బాకీ వుండిపోతుంది," అని మొదటి ముద్ద కలిపారు. గోంగూరకు అన్నగారన్నంత పులుపు! కళ్లవెంట నీళ్లు కారుతుండగా మారు అడిగారు.

తిరుగు ప్రయాణంలో జాడీలు ఖాళీగా రాలేదు. ఒకదాంట్లో ఇప్పపువ్వు, ఒకదాంట్లో చింతపండు, మూడోదాంట్లో ఎండబెట్టిన చీమలు. ఆ మూడోదాన్ని విశాఖపట్నం దాకా నాన్నగారే ఒళ్లో పెట్టుకున్నారు.

ఒడిశాలోని సిమిలిపాల్ ఎర్రచీమల పచ్చడికి భౌగోళిక గుర్తింపు ఇచ్చారని 2024లో పేపరులో చదివి వినిపించాను. ఎనభై దాటిన నాన్నగారు పడకకుర్చీలోంచి, "మీ అత్తయ్య పచ్చడికి నేను 1991లోనే ఇచ్చాను," అన్నారు.

వంటింట్లోంచి అమ్మ అంది: "మూడు జాడీలు ఆలస్యంగా!"