గ్యారేజీలో విమానం

విమానమనగానే ఎవరికైనా రెక్కలు గుర్తుకు వస్తాయి. గత వేసవి నుండి మాకు మాత్రం చిటికెన వేలికన్న సన్నని అల్యూమినియం గొట్టం గుర్తుకు వస్తున్నది.

మా ఖాలాజాన్ కుమారుడు అమెరికాలో ఇంజనీరు. తన ఇంటి గ్యారేజీలో ఇద్దరు కూర్చుండదగిన విమానాన్ని అతడు స్వయంగా నిర్మిస్తున్నాడని తెలిసిన నాటి నుండి ఆమె కంటికి కునుకు లేదు. మేము సెలవులకు అక్కడికి వెళుతున్నామని విని, "నువ్వు పెద్దవాడివి, నలుగురికి చదువు చెప్పేవాడివి. నీ మాట వింటాడు. ఆ పిచ్చి మాన్పించి రా, బేటా" అని మా చేతులు పట్టుకొన్నది. మాట ఇచ్చి బయలుదేరాము.

అమెరికాలో దీనిని ఎవరూ పిచ్చి అనుకోరు. 1953లోనే మిల్వాకీ నగరంలో పాల్ పోబెరెజ్నీ ప్రభృతులు ఇట్టి నిర్మాతలకై ఒక సంఘాన్ని స్థాపించారు. సగానికి మించిన పనిని ఔత్సాహికులే తమ విద్య కొరకో వినోదం కొరకో చేసినట్లయితే, పరీక్షించిన మీదట ఎగురుటకు అక్కడి ప్రభుత్వం అనుమతిస్తుంది. 'విద్య' అన్న మాట ఆ నిబంధనలో ఉన్నదని విన్నప్పుడే మేము సిద్ధం చేసుకొన్న ఉపన్యాసం సగం నీరుకారిపోయినది.

మేము చేరేసరికి రెక్కలు పూర్తి అయినవి. వాటిలోని ట్యాంకుల నుండి ఇంజనుకు పెట్రోలు చేర్చే గొట్టాల పని మిగిలి ఉన్నది. రెక్కలు క్రింద, ఇంజను పైన. కనుక పెట్రోలు తనంతట తాను పారదు, పంపు లాగవలె. లాగినకొద్దీ గొట్టంలో ఒత్తిడి తగ్గుతుంది. దానికి వేడి తోడైతే పెట్రోలు ఆవిరి బుడగలై దారిని మూసివేస్తుంది. అందుచేత గొట్టాన్ని వేడికి దూరంగా, వీలైనంత తక్కువ మలుపులతో నడిపించాలి. "అయితే తిన్నగానే వేయరాదా?" అన్నాము. "వేయరాదు, భాయీజాన్. తిన్నని గొట్టం అదురుకు తట్టుకోలేక బిగింపు దగ్గర పగులుతుంది. ఒక్క వంపైనా ఉండాలి" అన్నాడు.

ముందుగా ఒక తీగను వంచి, విమానం కడుపులో దారి చూచుకొని, ఆ తీగను పోలినట్లు గొట్టాన్ని వంచుతారు. కోసిన అంచులోని గరుకును పోగొట్టి, కొనను గరాటు మూతి వలె విప్పుతారు. విమానాలకు ఆ విప్పు 37 డిగ్రీలు, మోటారు కార్లకు 45. కొన విప్పకముందే నట్టును, దాని లోపలి స్లీవును గొట్టానికి తొడగాలి. మేము తొడుగుట మరచి కొన విప్పాము. అతడు పకపక నవ్వి, "ప్రతివాడూ ఒకసారి చేసే తప్పే" అన్నాడు.

రెండవ తప్పుకు నవ్వలేదు. నాలుగు వంపులు తిరిగిన గొట్టమది, సాయంత్రమంతా కష్టపడి చేసినది. భూతద్దంతో చూస్తే విప్పిన అంచున వెంట్రుక వంటి చీలిక ఒకటి కనిపించినది. అంచు నునుపు చేయుట మా వంతు. మేమే తొందరపడ్డాము. అప్పటికి రాత్రి పదకొండు దాటినది. "బిగిస్తే సరిపోదా? లేదా కుళాయికి చుట్టే తెల్ల టేపు చుట్టరాదా?" అన్నాము. అతడు బదులు చెప్పకుండా గొట్టాన్ని రెండు ముక్కలుగా కోసి చెత్తబుట్టలో వేశాడు. "ఇక్కడ టేపు కూడదు. లోహాన్ని లోహమే పట్టుకొని నిలవాలి. టేపు పీలిక ఒక్కటి తెగి లోపలికి పోయినా దారికి అడ్డం పడుతుంది" అన్నాడు కొంతసేపటికి. జవాబు పత్రాలు దిద్దుతూ, పోనీలే అని మార్కులు కలిపిన సందర్భాలు మాకు కొన్ని జ్ఞాపకం వచ్చినవి.

మరునాడు ట్యాంకు మార్చే వాల్వు సంగతి వచ్చినది. 1997 అక్టోబరు 12న ప్రసిద్ధ గాయకుడు జాన్ డెన్వర్ కాలిఫోర్నియా తీరంలో సముద్రంలో కూలి మరణించినది ఇట్టి విమానంలోనే. వేరొకరు కట్టగా ఆయన కొనుక్కొన్నది. రూపకర్త బర్ట్ రుటాన్ ఆ వాల్వు పిడిని పైలటు కాళ్ళ నడుమ ఉంచగా, కట్టినవారు దానిని ఎడమ భుజం వెనుకకు మార్చారు. కూర్చున్న చోటికి పెట్రోలు గొట్టాలు రాకూడదన్నదే వారి ఉద్దేశం. జాగ్రత్త కొరకు చేసిన మార్పే అది! ఆ పిడి కొరకు వెనుకకు తిరుగుతూ డెన్వర్ తెలియక కుడి రడ్డరును తొక్కి ఉంటారని, విమానం అదుపు తప్పినదని విచారణలో తేల్చారు. మా తమ్ముడు తన వాల్వును రెండు సీట్ల నడుమ, ముందు వైపు, కంటికి ఎదురుగా బిగించాడు. మేము కళ్ళు మూసుకొని కూర్చుండి పదిసార్లు త్రిప్పి చూచాము. పదిసార్లూ చేతికి అందినది.

తిరుగు ప్రయాణానికి ముందు రోజు విమానం ముక్కు పైకెత్తి, ఇంజను వద్ద గొట్టం విప్పి, పంపు నడిపి, పడిన పెట్రోలును గడియారం చూస్తూ కొలిచాము. ఇంజను పూర్తి శక్తితో త్రాగేదానికి ఒకటింబావు రెట్లు రావలె. అంతకు మించే వచ్చినది. రెండవ ట్యాంకుతోనూ కొలిచి, అంకెలు పుస్తకంలో మేమే వ్రాశాము.

ఇంటికి రాగానే ఖాలాజాన్ అడిగినది, "మాన్పించావా?" అని.

"లేదు ఖాలాజాన్, పెట్రోలు గొట్టాలు బిగించి వచ్చాము."

ఆమె చాలాసేపు మాట్లాడలేదు. పిదప, "గట్టిగా బిగించారా?" అన్నది.

"కొలత చూచి బిగించాము" అన్నాము.