కార్చిచ్చును ఎదుర్కొను డ్రోనులు

కార్చిచ్చు నార్పుటకు విమానములు పోవుచున్నవని చదివినప్పుడు మన తలంపు నీటివైపునకే పోవును. విమానము నడపువాని మాట మనస్సునకు రాదు. అమెరికా సంయుక్త రాష్ట్రములలో 2000 మొదలు 2013 వఱకు అడవిమంటల పనిలో మరణించినవారు 298 మంది. అందు 78 మంది విమానయాన సంబంధమైన పనులలోనే ప్రాణములు గోల్పోయిరి. డ్రోనులకై ప్రభుత్వము ధనము వెచ్చింపవలయునా యను ప్రశ్నను మేము ఈ లెక్కనుండియే ఆలోచింప మొదలిడితిమి.

"అయ్యా, డ్రోను ఎన్ని బిందెల నీళ్లు మోయగలదండీ?" అని మా తరగతిలో నొక బాలుడడిగెను. మంచి ప్రశ్నయే. సీఎల్-415 అను కెనడా విమానము సరస్సుపై జారుచు పండ్రెండు సెకండ్లలో 6,000 లీటర్లకు పైగా నీటిని గ్రహించును. సాధారణమైన డ్రోను దానికి కాలిగోటికిని చాలదు. దాని ముఖ్యమైన పని చూచుట. రాత్రివేళను, దట్టమైన పొగలోను, వేడిమిని గుర్తించు కెమెరాతో నిప్పెచ్చట దాగియున్నదో కనిపెట్టి క్రిందివారికి తెలుపును.

మఱియొక పనియు గలదు. వినుటకు వింతగా నుండును. అది నిప్పు పెట్టును! ఎండుటాకులును పొదలును మిక్కిలి పేరుకొనకమునుపే, గాలి అనుకూలించిన దినమున కొంచెము కొంచెముగా కాల్చివేసినచో, పిదప వచ్చు కార్చిచ్చునకు మేత తగ్గును. ఇందులకై డ్రోను పింగ్‌పాంగ్ బంతులంతటి గోళములను జారవిడుచును. వానిలో పొటాసియం పర్మాంగనేటు ఉండును. విడుచుటకు ముందు సూదితో గ్లైకాలు ఎక్కింపబడును. కొన్ని క్షణములకు బంతి నేలమీద మండును. మా ప్రయోగశాలలో పర్మాంగనేటుపై గ్లిసరిను చుక్కలు వేసి మేము చూపునదియు నిట్టిదే. మొదట పొగ, పిమ్మట ఊదారంగు జ్వాల. ముందుబల్లవారు వెనుకకు జరుగుట ప్రతి సంవత్సరమును చూచుచున్నాము. ఈ పనినే హెలికాప్టరునుండి చేయవలసినచో, అది చెట్లకు సమీపమున మెల్లగా ఎగురవలయును. ఇంజను ఆగెనా, దిగుటకు తావు లేదు.

2019 మార్చిలో జాన్ డింగెల్ పేరిట నేర్పడిన చట్టము, అడవిమంటల పనిలో డ్రోనుల వినియోగమును పెంపొందింపుమని అచ్చటి ఇంటీరియరు శాఖ నాజ్ఞాపించెను. ఏడాది తిరుగకమునుపే, 2020 జనవరిలో, ఆ శాఖవారే అత్యవసరములు గాని పనులకు తమ డ్రోనులను ఎగురనీయరాదని ఉత్తరువు చేసిరి. వానిలో అనేకము చైనాలో తయారైనవి. సమాచారము పరుల పాలగునేమో యని భయము. ఆ భయము నిరాధారమని మేమనము. కాని క్రొత్త యెద్దు కొట్టమునకు రాకమునుపే పాతయెద్దును తోలివేసినచో దుక్కి యెట్లు సాగును? మండుచున్న అడవికి మినహాయింపు ఉండెను గాని, మంట రాకుండ ముందుగా కాల్చుట అత్యవసరమని యెవరు వ్రాయుదురు?

ఆ యేటి మంటలకు ఆ ఉత్తరువే కారణమని చెప్పుట న్యాయము కాదు. అయినను 2020 సెప్టెంబరు 9వ తేదీన శాన్‌ఫ్రాన్సిస్కో ప్రాంతమునుండి మా పూర్వవిద్యార్థి యొకడు పంపిన ఛాయాచిత్రములో పగటి ఆకాశము ఇటుకరంగున నుండెను. అతని తల్లిగారు దానిని మాకు చూపి, "మా వాని యిల్లు అడవికి ఎంత దూరమండీ?" అని యడిగిరి. మేము పటము తీసి, వ్రేలితో దూరము కొలిచి చూపితిమి. ఆమె మఱల కొలువుమనిరి.

డ్రోను కొనిపెట్టుమని తండ్రులను వేధించు బాలురు మనలోను గలరు, వారికొక్క సంగతి. 2025 జనవరి 9వ తేదీన లాస్ ఏంజిలెస్ కార్చిచ్చుపై నీరు పోయుచుండిన, క్విబెక్కునుండి వచ్చిన సీఎల్-415 విమానమును ఒక ప్రైవేటు మనిషి ఎగురవేసిన డ్రోను తాకి, రెక్కకు రంధ్రము చేసెను. నడపువారు క్షేమముగా దిగిరి. కొండలమీది యిండ్లు మండుచుండగా, రెక్కను బాగుచేయువఱకు ఆ విమానము కొన్ని దినములు నేలమీదనే నిలిచియుండెను.