శుక్రవారం సాయంత్రం ఏడున్నర

జపాన్‌లో శుక్రవారం రాత్రి పదకొండయ్యేసరికి మనకి సాయంత్రం ఏడున్నర. 2024 మొదట్లో సరిగ్గా అప్పుడే నిప్పన్ టీవీలో ‘ఫ్రీరెన్’ అనే యానిమే, అంటే జపాన్ యానిమేషన్ సీరియల్, కొత్త ఎపిసోడ్ మొదలయ్యేది. ఆ రాత్రే ఇంగ్లీషు సబ్‌టైటిల్స్‌తో నా ఫోన్లోకి వచ్చేసేది! ఇది తెలిసిన దగ్గర్నుంచీ నా వారం రూపమే మారిపోయింది. యానిమే అనగానే ఎప్పుడో పూర్తయిపోయి గుట్టగా పేర్చి ఉన్నదనీ, సెలవులు దొరికితే వరసపెట్టి చూసేయాలనీ అంటుంటారు. కానీ ఇప్పుడు నడుస్తున్న కథ ఇది, ఈ వారానికి ఇంతవరకే వచ్చింది, తరవాతి ముక్క జపాన్‌లో ఉన్నవాళ్ళు కూడా ఇంకా చూడలేదు అని తెలిసి చూడటంలో ఉన్న మజా వేరు.

అసలు అక్కడి టీవీల్లో యానిమే వేసే ఏర్పాటే ఎంత ముచ్చటగా ఉంటుందో! ఏడాదికి నాలుగు సీజన్లు: జనవరి, ఏప్రిల్, జులై, అక్టోబర్. సీజన్ మారిందంటే ఒకటి రెండు వారాల్లోనే డజన్లకొద్దీ కొత్త షోలు మొదలైపోతాయి. మామూలుగా ఒక్కో దానికి పన్నెండో పదమూడో ఎపిసోడ్లు, అంటే మూడు నెలలు. కొన్నిటికి రెండు విడతలు కలిపి ఆరు నెలలు. చాలావాటిని రాత్రి బాగా పొద్దుపోయాకే వేస్తారు. ‘ద అపోథికరీ డైరీస్’ అనే షో టైమును అప్పట్లో అక్కడి పట్టికల్లో ‘శనివారం 25:05’ అని రాసేవారు. ఇరవై అయిదో గంట! అంటే ఆదివారం తెల్లవారుజామున ఒంటిగంటా అయిదు నిమిషాలు. నిద్రపోనివాళ్ళకి శనివారం ఇంకా అయిపోలేదన్నమాట. ఈ ఒక్క అంకె చూసి నేను ఆ దేశం మీద మనసు పారేసుకున్నాను.

2024 జనవరి సీజన్‌ను వారం వారం చూసుకుంటూ వచ్చాను. ముందు ‘ఫ్రీరెన్’ సంగతి చెప్పాలి, ఎందుకంటే అది ఆగనివ్వదు.

రాక్షసరాజును చంపి, పదేళ్ళ ప్రయాణం ముగించుకుని నలుగురు వీరులు రాజధానికి తిరిగొస్తారు. కథ అక్కడ మొదలవుతుంది! మిగతా కథలన్నీ ఎక్కడ ముగుస్తాయో సరిగ్గా అక్కడ. ఆ నలుగురిలో ఫ్రీరెన్ ఎల్ఫ్ జాతి మాంత్రికురాలు. వెయ్యేళ్ళకు పైబడి బతికిన మనిషి, చూడటానికి చిన్నపిల్లలా ఉంటుంది. ఆ రాత్రి నలుగురూ కలిసి ఉల్కల వాన చూస్తారు. అది యాభై ఏళ్ళకోసారి వస్తుంది. ఈసారి ఇంకా బాగా కనిపించే చోటికి తీసుకెళ్తానని ఫ్రీరెన్ అలవోకగా అనేస్తుంది. తన లెక్కలో యాభై ఏళ్ళు ఎంతని! అన్నట్టే యాభై ఏళ్ళకి వస్తుంది. అప్పటి అందగాడు, నాయకుడు హిమ్మెల్ ఇప్పుడు బట్టతలతో, తెల్లగడ్డంతో కుంచించుకుపోయిన ముసలాయన. నలుగురూ మళ్ళీ కలిసి నడిచి వెళ్ళి ఆ ఉల్కలు చూస్తారు. కొన్నాళ్ళకే హిమ్మెల్ పోతాడు. ఏడవట్లేదేమని జనం విడ్డూరంగా చూస్తుంటే, శవపేటిక మీద మట్టి పడుతున్నప్పుడు ఆమెకి ఏడుపొస్తుంది. పదేళ్ళు పక్కనే నడిచిన మనిషి గురించి తెలుసుకోవాలని తనకెందుకు తోచలేదా అని. మొదటి ఎపిసోడ్ అవకుండానే నేను కళ్ళు తుడుచుకుంటున్నాను.

అక్కణ్ణుంచి ఆమె చేసే కొత్త ప్రయాణమే కథ. తెరమీద అప్పుడప్పుడూ ఒక చిన్న అక్షరాల వరస కనిపిస్తుంది: వీరుడు హిమ్మెల్ మరణించి ఇన్నేళ్ళు అని. ఆ సీజన్లో నడిచిన భాగానికి ఇరవై తొమ్మిదేళ్ళు. ఆ కథలో కాలాన్ని లెక్కపెట్టేది ఆ ఒక్క చావు నుంచే. ఎంత పెద్ద మాటను ఎంత చిన్న అక్షరాల్లో చెప్పారు!

మార్చి 8న వచ్చిన ఇరవై ఆరో ఎపిసోడ్‌కి నేను కూర్చున్నచోటే లేచి నిలబడ్డాను. ప్రథమ శ్రేణి మాంత్రికుల పరీక్ష జరుగుతోంది. పాతబడిన సమాధి భవనంలోకి దిగినవాళ్ళకి తమ నకళ్ళే ఎదురవుతాయి, శక్తిలో ఏమాత్రం తీసిపోనివి. ఫ్రీరెన్ నకలుతో ఎవరు పోరాడగలరు? ఫ్రీరెన్‌లో ఉన్న ఒకే ఒక్క లోపం ఆమె శిష్యురాలు ఫెర్న్‌కి తెలుసు. మంత్రం వేసే క్షణంలో ఆమెకి ఎదుటివాళ్ళ శక్తి ఆనవాలు అందదు. వెయ్యేళ్ళ మాంత్రికురాలిలో కొత్తగా నేర్చుకునేవాళ్ళ పొరపాటు! పక్కనే పెరిగిన పిల్ల కాబట్టి కనిపెట్టింది. ఆ యుద్ధాన్ని మ్యాడ్‌హౌస్ స్టూడియో వాళ్ళు గీసిన తీరు ఏమని చెప్పను? కాంతి ముందు విచ్చుకుంటుంది, దెబ్బ తరవాత తగులుతుంది, గోడలు కూలే చప్పుడు అన్నిటికంటే ఆఖర్న చేరుతుంది.

అంత హోరు తరవాత, వెంటనే వచ్చిన 15వ తేదీ ఎపిసోడ్లో ఎవరూ ఎవరినీ కొట్టరు. పరీక్ష పెట్టే మహామాంత్రికురాలు సేరియె ఒక్కొక్కర్నీ పిలిచి మాట్లాడుతుంది, అంతే. నీకు బాగా ఇష్టమైన మంత్రమేదని ఫ్రీరెన్‌ని అడిగితే, పూలతోట మొలిపించే మంత్రమంటుంది. సేరియె ఆమెను ఫెయిల్ చేస్తుంది. ఎందుకూ పనికిరాని ఆ మంత్రాన్నే చిన్నప్పుడు అడవిలో దారితప్పిన హిమ్మెల్ చూశాడనీ, అందుకే పెద్దయ్యాక ఆమెను వెతుక్కుంటూ వచ్చి తన బృందంలోకి పిలిచాడనీ మనకి తెలుస్తుంది. ఒక వారం ఉరుములు, ఆ మరుసటి వారం పూలు. ఈ రెంటినీ వరసగా ఒకే కూర్చోవడంలో చూసేస్తే ఆ పూలు నాకు ఇంత నిండుగా కనిపించేవా? మధ్యలో ఏడు రోజులు ఆ యుద్ధం బుర్రలో మోగుతూ ఉండబట్టే ఆ నిదానం అంత హాయిగా అనిపించింది.

వారం వారం ఎదురుచూసే ఈ ఆత్రం వారపత్రికల్లో సీరియల్ నవలలు చదివిన మన పెద్దవాళ్ళకి బాగా తెలుసు. పోస్టు వచ్చే రోజున గుమ్మంలో కూర్చున్న తరం అది. చిత్రమేమిటంటే ‘ఫ్రీరెన్’ కూడా వారపత్రికలోనే పుట్టింది. కానెహితో యమాడా రాస్తే త్సుకాసా ఆబే బొమ్మలు వేయగా 2020 నుంచి ‘వీక్లీ షోనెన్ సండే’లో వస్తున్న మాంగా (బొమ్మల కథ) ఇది.

ఆ సీజన్లో గురువారాలు ‘డెలిషియస్ ఇన్ డంజన్’వి. ర్యోకో కుయి 2014లో మొదలుపెట్టి 2023లో ముగించిన పద్నాలుగు సంపుటాల మాంగా. కథానాయకుడు లైయొస్ చెల్లెల్ని ఎర్ర డ్రాగన్ మింగేసింది. అరిగిపోకముందే వెళ్ళి కాపాడాలి, చేతిలో డబ్బుల్లేవు, తిండి కొనలేరు. కాబట్టి అతనూ తోటివాళ్ళూ దారిలో ఎదురయ్యే రాక్షస జంతువుల్నే వండుకుతింటూ నేలమాళిగలోకి దిగుతారు! పెద్ద తేలునీ నడిచే పుట్టగొడుగునీ కలిపి పులుసు పెట్టుకోవడంతో మొదలు. గెడ్డం పెంచిన మరుగుజ్జు జాతి వంటగాడు సెన్షి ఏళ్ళ తరబడి అక్కడే ఉంటూ ఈ వంటే చేస్తున్నాడు. ఏది తీసి పారేయాలో, దేన్ని ఎండబెట్టాలో, ఏది ఎంతసేపు ఉడకాలో ఆయన చెబుతుంటే నేను నిజంగానే వంట నేర్చుకుంటున్నట్టు తల ఊపాను.

రెండో ఎపిసోడ్లో మాండ్రేక్ అని ఒక దుంప ఉంటుంది. పీకితే కేక పెడుతుంది, ఆ కేక విన్నవాడు చస్తాడు. సెన్షి అది నోరు తెరిచేలోపే తల నరికేస్తాడు. చదువుకున్న పిల్ల మార్సీల్ మాత్రం పుస్తకంలో రాసిన పద్ధతిలోనే తవ్వాలని పట్టుబట్టి, నానా తంటాలు పడి ఒక్కటంటే ఒక్కటి పీకుతుంది. తీరా వండి రుచి చూస్తే కేక పెట్టిన దుంపే కమ్మగా ఉంటుంది! పుస్తకం ఊరికే చెప్పలేదన్నమాట. పెద్దాయన ఆ మాట ఒప్పుకున్నప్పుడు మార్సీల్ ముఖం చూడాలి. తరవాత కవచాలు నడిచొచ్చి కత్తి దూస్తాయి. వాటి లోపల ఉన్నవి నత్తల్లాంటి జీవులని లైయొస్ కనిపెట్టి సంబరపడిపోతాడు. వాటిని కూడా వేయించి, సూపు పెట్టుకుని తినేస్తారు. మార్చి 14న ఎట్టకేలకు ఎర్ర డ్రాగన్‌కు ఎదురునిలిచారు. ఏమైందో చెప్పను. ఇన్ని వారాలు నవ్వుతూ కలిసి భోంచేసిన మనుషులు కాబట్టి, వాళ్ళకి చిన్న దెబ్బ తగిలినా మనకి కడుపులో చెయ్యి పెట్టి దేవినట్టుంటుంది.

‘అపోథికరీ డైరీస్’లో మావోమావో అంతఃపురంలో పని చేసే మందులు తెలిసిన పిల్ల. రాజుగారి పసిబిడ్డలు ఎందుకు చనిపోతున్నారో అందరూ శాపమని వణుకుతుంటే, తల్లులూ దాదులూ పూసుకునే సీసం కలిసిన తెల్లపౌడర్ అని ఆమె ఒక్కతే పసిగడుతుంది. తన లంగా గుడ్డ చింపి, దానిమీద హెచ్చరిక రాసి, కొమ్మకు కట్టి కిటికీ దగ్గర పెట్టేస్తుంది. పేరు చెప్పుకోదు. ఆ మొదటి ఎపిసోడ్ చాలు, ఇక వదలరు. ‘సోలో లెవెలింగ్’ కూడా చూశాను. కొట్లాటలు కళ్ళు చెదిరేలా ఉన్నాయి, మనసు మాత్రం మిగతా మూడింటి దగ్గరే ఉండిపోయింది.

వారానికొక్కటే దొరకడం వల్ల నాకింకో లాభం కూడా కలిగింది. ఆఖర్న వచ్చే పేర్లు చదవడం అలవాటైంది. సీరీస్ మొత్తానికి ఒక దర్శకుడు ఉన్నా, ఒక్కో ఎపిసోడ్‌కు స్టోరీబోర్డు వేసేవాళ్ళూ, ఆ ఎపిసోడ్‌ను నడిపేవాళ్ళూ, బొమ్మలు సరిదిద్దేవాళ్ళూ మారుతుంటారు. అందుకే ఒక వారం నడక నెమ్మది, ఒక వారం ఉరుకు. ‘ఫ్రీరెన్’ దర్శకుడు కెయిచిరో సైతో 2022లో ‘బొచ్చి ద రాక్’ తీశాడు. నలుగురిలో నోరు విప్పలేని గిటారు పిల్ల కథ అది, కడుపుబ్బ నవ్విస్తుంది. ఇక గొంతుల సంగతి! వెయ్యేళ్ళ ఫ్రీరెన్ తొణక్కుండా, నిద్రమత్తుగా మాట్లాడే ఆ గొంతు అత్సుమి తనెజాకిది. ‘స్పై ఫ్యామిలీ’లో బుడంకాయలాంటి ఆన్యా గొంతు కూడా ఆవిడదే! 2023 అక్టోబర్ సీజన్లో ఈ రెండూ వారం వారం పక్కపక్కనే వచ్చాయి. ఇది తెలిశాక రెండింటినీ ఒకదాని వెంట ఒకటి పెట్టుకుని విన్నాను. ఒకే మనిషంటే ఇప్పటికీ నమ్మకం కుదరడం లేదు.

మార్చి 22, శుక్రవారం ‘ఫ్రీరెన్’ ఇరవై ఎనిమిదో ఎపిసోడ్‌తో ఆగింది. అప్పుడు గుండె పట్టేసినట్టయింది. ఇంకా చూడనివాళ్ళు ఈ వారంలోనే మొదలుపెట్టండి. ‘డంజన్’ మాత్రం జూన్ దాకా నడిచింది. ఏప్రిల్ 7, ఆదివారం ‘సౌండ్! యుఫోనియం’ మూడో సీజన్ మొదలైంది. క్యోటో దగ్గర ఉజి ఊళ్ళో ఒక హైస్కూలు బ్యాండు పిల్లల కథ, తీసింది క్యోటో యానిమేషన్. 2015లో ఒకటి, 2016లో ఒకటి వచ్చిన పాత సీజన్లలో చెరి పదమూడు ఎపిసోడ్లు ఉన్నాయి. మూడోది వచ్చేలోపే అవి చూడటం మొదలుపెట్టాను.