మెచ్చుకుంటూ తొక్కడం

మన హాస్టల్ తమ్ముళ్లు రీల్స్ చూసి నేర్చుకుంటున్న ఒక చిట్కా పేరు 'నెగ్గింగ్'. 2005లో నీల్ స్ట్రాస్ రాసిన 'ది గేమ్' పుస్తకంతో బాగా ప్రచారమైంది. పొగుడుతున్నట్టే చురక వెయ్యాలి: "నవ్వు బాగుంది, పళ్లే కొంచెం ఎత్తు." ఆ అమ్మాయికి తన మీద తనకే అనుమానం పుట్టాలి. అప్పుడు నీ మెప్పు కోసం ఎదురుచూస్తుందట.

ఈ కిటుకు నాకు కొత్త కాదు. "ఎస్సీ అయినా ఇంగ్లీషు బాగా మాట్లాడతావే" అన్నాడు డిగ్రీలో ఒక సారు. మూడేళ్లు ఆయన ఇంకో మంచిమాట కోసం కాచుకున్నాను. ఆ మెప్పులోనే నేను తక్కువన్న మాట ఉంది.

మనల్ని తొక్కిన ఎత్తుగడతోనే ఒక ఆడపిల్ల మనసు గెలుద్దామా? ఇష్టముంటే నేరుగా చెప్పండి తమ్ముళ్లూ. వద్దంటే ఆ మాటకి విలువివ్వండి. తలెత్తుకుని ఉన్న మనిషి చెప్పే 'సరే'నే సరే.

జై భీమ్.