చెక్కబాట మీది కిరీటం

అట్లాంటిక్ సిటీలో కొత్తవాళ్లు కూడా దారి తప్పరు. ఒక పక్క సముద్రం, ఇంకో పక్క క్యాసినోలు, నడుమ చెక్కబాట. చేపముల్లులా ఏటవాలుగా పేర్చిన పలకల మీద నడుస్తుంటే చెప్పుల కింద డబడబమని చప్పుడు. ఆరు కిలోమీటర్లకు పైగా సాగే ఈ బాట పేరు బోర్డ్‌వాక్. 1870లో వేశారు. జనం కాళ్లకంటిన ఇసుకంతా తెచ్చి రైలు పెట్టెల్లో, హోటళ్ల తివాచీల మీద దులుపుతున్నారని విసిగిపోయిన ఓ రైలు కండక్టరు, ఓ హోటలాయన కలిసి చేసిన ఆలోచన అది.

న్యూజెర్సీలో మనవాళ్లు ఎక్కువగా ఉండే ఎడిసన్ నుంచి కారులో రెండు గంటల లోపే వచ్చేయొచ్చు. అందుకే శని, ఆదివారాల్లో ఇక్కడ తెలుగు గట్టిగానే వినిపిస్తుంది. ‘అమ్మా, ఇంక ముందుకెళ్లకు, అలొస్తోంది’ అంటూ ఇండియా నుంచి చుట్టపుచూపుగా వచ్చిన తల్లిని ఒడ్డున నిలబడి కేకేసే కొడుకులు, చీర కుచ్చిళ్లు ఎత్తిపట్టుకుని వినిపించుకోని తల్లులు. తినడానికి సాల్ట్ వాటర్ టాఫీ. పేరులో ఉప్పునీళ్లున్నా అందులో సముద్రపు నీళ్లు కలపరు. తీరా నోట్లో వేసుకుంటే మన తిరునాళ్లలో మేకుకు తగిలించి సాగదీసే జీళ్లకు అమెరికా చుట్టం!

తిరుగుతూ తిరుగుతూ అందరూ ఒక పెద్ద పాత భవనం ముందు నుంచి వెళ్తారు. క్యాసినోల తళుకులు చూసిన కళ్లకు అది పెద్దగా ఆనదు. అదే బోర్డ్‌వాక్ హాల్. 1929లో కట్టారు. లోపల ఒక్క స్తంభం కూడా అడ్డులేని విశాలమైన మందిరం, తలెత్తితే 137 అడుగుల ఎత్తున కమాను కప్పు. 33 వేలకు పైగా గొట్టాలున్న ఆర్గన్ వాద్యం ఈ గోడల్లోనే ఉంది. ప్రపంచంలో అంతకంటే పెద్దది లేదు. బీటిల్స్ పాడిందీ ఇక్కడే, మైక్ టైసన్ 91 సెకన్లలో ప్రత్యర్థిని నేలకూల్చిందీ ఇక్కడే. కానీ అమెరికన్లకు ఈ హాలు పేరు చెప్పగానే గుర్తొచ్చేది అవేమీ కావు. నెత్తిన కిరీటం, చేతిలో పూలగుత్తి, కళ్లలో నీళ్లతో మెల్లగా నడిచొచ్చే అమ్మాయి. మిస్ అమెరికా.

అలా నడిచొచ్చిన వాళ్లలో ఒకరి కథ ఆ మరుసటి ఏడాదే టీవీ సినిమా అయింది.

తన పాత్రలో తనే

1991 సెప్టెంబరులో ఓ శనివారం రాత్రి. హవాయి నుంచి వచ్చిన 24 ఏళ్ల కరొలిన్ శాప్‌కు కిరీటం దక్కింది. అంతకుముందు హవాయి అమ్మాయి ఎవరూ మిస్ అమెరికా కాలేదు. ఇక ఏడాదంతా ఊరూరా తిరిగి రిబ్బన్లు కత్తిరించి, చిరునవ్వులు చిందించి రావడమే పని అనుకుంటుండగా పత్రికలు ఒక పాత కోర్టు కాగితాన్ని బయటికి తీశాయి. అంతకుముందు తనతో పెళ్లి నిశ్చయమైన ఓ ఫుట్‌బాల్ ఆటగాడు కొట్టి హింసించాడని ఆమె ఫిర్యాదు చేసింది. అతను దగ్గరికి రాకుండా ఉత్తర్వు తెచ్చుకుంది. అదీ ఆ కాగితంలోని సంగతి.

అలాంటప్పుడు నిర్వాహకులున్న పోటీల్లో ఏం జరుగుతుందో ఊహించుకోవచ్చు. ‘అది ముగిసిపోయిన విషయం’ అని ఓ ముక్క చెప్పి తప్పుకోవడమే తెలివైన పని అంటారు. కరొలిన్ తప్పుకోలేదు. అవును, నిజమేనంది. ఆ ఏడాదంతా వెళ్లిన చోటల్లా దాని గురించి మాట్లాడింది. 1992లో ఎన్బీసీ చానెల్ ‘మిస్ అమెరికా: బిహైండ్ ద క్రౌన్’ అని రెండు గంటల టెలీఫిల్మ్ తీస్తే అందులో కరొలిన్ పాత్ర వేసింది కరొలినే!

ఆ రోజుల్లో అమెరికా చానెళ్లకు ఇదో పెద్ద వ్యాపారం. పేపర్లో పడ్డ కథ ఏడాది తిరిగేసరికి టీవీ సినిమాగా వచ్చేసేది. మన దగ్గర క్రైం కార్యక్రమాల్లో ‘నటీనటులతో చిత్రీకరించినది’ అని అడుగున ఒక వాక్యం వేస్తారు చూడండి, అలాంటి సరుక్కి కాస్త ఖరీదైన రూపం. భర్త చేతిలో దెబ్బలు తినే ఇల్లాలి కథతో అదే ఎన్బీసీలో 1984లో వచ్చిన ‘ద బర్నింగ్ బెడ్’ దేశమంతా చర్చకు పెట్టింది కూడా. కాకపోతే అందులో బాధితురాలిగా వేసింది ఫరా ఫాసెట్ అనే పేరున్న నటి. ఇక్కడ అలా కాదు. తను తిన్న దెబ్బలను తనే మళ్లీ కెమెరా ముందు తినాలి. డైరెక్టరు ‘ఇంకోసారి’ అంటే ఇంకోసారి. నటన ఎలా ఉందని మార్కులు వేసేవాళ్లు ఈ ఒక్క సంగతీ మనసులో పెట్టుకుంటే చాలు.

సినిమాగా చూస్తే అది గొప్ప కళాఖండమేమీ కాదు. టీవీ సినిమాల మూసలోదే. కానీ దాని పేరులోనే ఒక మెలిక ఉంది. బిహైండ్ ద క్రౌన్... కిరీటం వెనక. వెనక సంగతి ఎందుకంత సంచలనమైందో తెలియాలంటే ముందువైపు ఏం పెట్టి అమ్మారో చూడాలి. అది ఈ ఊరి చరిత్రే.

మూడు రోజుల బేరం

అమెరికాలో సెప్టెంబరు మొదటి సోమవారం లేబర్ డే. దాంతో వేసవి సెలవులకు సరి. మర్నాటి నుంచి అట్లాంటిక్ సిటీ, సంక్రాంతి వెళ్లిపోయాక కోడిపందేల బరిలా బోసిపోయేది. హోటళ్లవాళ్లకు గదులు ఖాళీ, తోపుడు కుర్చీలవాళ్లకు బేరాల్లేవు. ఇంకొన్నాళ్లు జనాన్ని ఇక్కడే కట్టిపడేయడం ఎలా? ముందు 1920లో పూలతో అలంకరించిన తోపుడు కుర్చీల ఊరేగింపు పెట్టారు. మరుసటి ఏడాది, పక్క నగరాల పత్రికలు ఎంపిక చేసి పంపిన అమ్మాయిలతో అందాల పోటీ. మిస్ అమెరికా పుట్టుక అంతే. అందానికి పట్టం కట్టాలని ఎవరూ కలగనలేదు, హోటల్ గదులు నిండితే చాలనుకున్నారు.

తమాషా ఏమిటంటే అప్పట్లో ఈ బీచ్‌లో ఆడవాళ్ల కాళ్లు కనబడితే నేరం. మేజోళ్లు వేసుకునే నీళ్లలో దిగాలి. 1921లో పోటీకి కొద్ది రోజుల ముందే, మేజోళ్లు మోకాళ్ల కిందికి మడుచుకున్నందుకు ఓ రచయిత్రిని ఇక్కడే అరెస్టు చేశారు. అదే ఊరు, అదే నెల. పోటీకి వచ్చిన అమ్మాయిలకు మాత్రం ఆ నిబంధన సడలించారు! డబ్బులొచ్చే చోట మర్యాద కొంచెం పక్కకు తప్పుకుంటుందన్నమాట.

తొలి విజేత మార్గరెట్ గోర్మన్. వాషింగ్టన్ అమ్మాయి, వయసు పదహారు. బడికెళ్లే పిల్ల. బంగారు మత్స్యకన్య బొమ్మ బహుమతిగా ఇచ్చారు. పెద్దయ్యాక ఆమె ఈ గొడవంతా తనకు విసుగని, మరిచిపోవాలనే ఉందని చెప్పేది. 1933లో గెలిచిన మారియన్ బెర్జెరాన్‌కైతే పదిహేనేళ్లే.

ఆ తర్వాత పోటీకి పరువు తేవాలని స్కాలర్‌షిప్పులు పెట్టారు. 1945లో వాటిని మొదట అందుకున్న బెస్ మయర్సన్ యూదు యువతి. కిరీటం ఇచ్చారు గానీ ఆమెను ప్రకటనల్లో పెట్టుకోవడానికి కొందరు వ్యాపారులు వెనకాడారు. నల్లజాతి వారికైతే అసలు ప్రవేశమే లేదు. శ్వేతజాతి వారై ఉండాలని రూల్ పుస్తకంలోనే రాసుకున్నారు! 1954 నుంచి టీవీ ప్రసారం మొదలయ్యాక ఈ హాలు దేశంలోని ప్రతి ఇంటి ముందుగదిలోకీ వచ్చేసింది. ఏటా ఆ రాత్రి తల్లులూ కూతుళ్లూ సోఫాలో చేరి ఎవరు గెలుస్తారో పందేలు వేసుకునేవాళ్లు.

1968 సెప్టెంబరులో చెక్కబాట వేడెక్కింది. స్త్రీవాదులు హాలు ముందుకొచ్చి ఒక గొర్రెకు కిరీటం పెట్టారు. మడమ చెప్పులు, బిగుతు లోదుస్తులు, అట్లకాడలు తెచ్చి ఓ చెత్తడబ్బాలో పడేశారు. లోదుస్తులు తగలబెట్టారని ఇప్పటికీ చెప్పుకుంటారు గానీ ఆ రోజు మంట పెట్టనే లేదు. చెక్కబాట కదా, నిప్పంటే పోలీసులు ఒప్పుకోలేదు. అదే రాత్రి ఇదే ఊళ్లో ఇంకో హోటల్లో నల్లజాతి యువతులు తమ సొంత పోటీ జరుపుకున్నారు. మిస్ అమెరికా వేదిక మీద నల్లజాతి యువతి పోటీపడటానికి 1970 దాకా, గెలవడానికి 1983 దాకా ఆగాల్సి వచ్చింది.

ఆ గెలిచిన అమ్మాయి వనెసా విలియమ్స్, మిస్ న్యూయార్క్. గెలిచిన పది నెలలకు, ఎప్పుడో తీసిన నగ్నచిత్రాలు ఆమె అనుమతి లేకుండానే ఓ పత్రిక వేసింది. ఫొటోలు అమ్మినవాళ్లకు డబ్బొచ్చింది, వేసినవాళ్లకు గిరాకీ వచ్చింది. కిరీటం మాత్రం ఆమె వదులుకోవాల్సి వచ్చింది. 2015లో ఇదే హాల్లో, వేదిక మీదే, నిర్వాహకులు ఆమెకు క్షమాపణ చెప్పారు. అప్పటికి ముప్ఫై ఒక్కేళ్లు గడిచాయి. ఈలోగా ఆమె గాయనిగా, నటిగా ఎదిగి ఆ కిరీటంతో పనిలేని స్థాయికి చేరిపోయింది.

ఇదంతా తెలిశాక కరొలిన్ శాప్ సినిమా వేరేలా కనిపిస్తుంది. ఈ ఊరు అమ్మాయిల ముఖాన్ని కోరుకుంది, వెనక ఉన్న జీవితాన్ని ఎప్పుడూ కోరుకోలేదు. యూదు అయినా, నల్లజాతి అయినా, దెబ్బలు తిన్నదైనా, ‘అది తెర వెనకే ఉంచమ్మా’ అన్నట్లే ఉండేది వ్యవహారం. వనెసా కథను బయటపెట్టింది ఇతరులు. ఏడేళ్ల తర్వాత కరొలిన్ విషయంలోనూ పత్రికలే ముందు బయటపెట్టాయి. అయితే ఈసారి అమ్మాయి ఆ కథను లాక్కుని, తన నోటితో తనే చెప్పింది. గృహహింసపై అమెరికా పార్లమెంటు పెద్ద చట్టం చేసింది 1994లో. మన దేశంలో అలాంటి చట్టం వచ్చింది 2005లో. కాబట్టి 1992లో కిరీటం పెట్టుకున్న అమ్మాయి ‘నన్నూ కొట్టారు’ అని టీవీలో చెప్పడం చిన్న సంగతి కాదు. ‘మరి అన్నాళ్లెందుకు భరించింది’ అనే ప్రశ్న అక్కడా ఉంది, మన వీధి అరుగుల మీదా ఉంది. ఎందుకు కొట్టాడని మాత్రం ఎవరూ అడగరు.

బెజవాడ మనవరాలు

పోటీ 2006లో లాస్ వేగాస్‌కు తరలిపోయి, 2013లో మళ్లీ ఈ హాలుకు తిరిగొచ్చింది. ఆ సెప్టెంబరు 15 రాత్రి ఇక్కడ మన సినిమా పాట మోగింది. ‘ఓం శాంతి ఓం’లోని పాటకు శాస్త్రీయ నృత్యాన్ని కలిపి ఆడిన ఇరవై నాలుగేళ్ల మిస్ న్యూయార్క్, నీనా దావులూరి. తల్లిదండ్రులది ఆంధ్ర, చిన్నప్పుడు సెలవులకు వచ్చింది విజయవాడకు. మిస్ అమెరికా అయిన తొలి భారత సంతతి అమ్మాయి ఆమే.

విజయవాడలో అమ్మమ్మ గారింటికి మర్నాడే టీవీ కెమెరాలు వచ్చేశాయి. అమెరికాలో మాత్రం అదే గంటలో ట్విటర్ నిండా తిట్లు. అరబ్బు అన్నారు, టెర్రరిస్టు అన్నారు, ఇదేం మిస్ అమెరికా అన్నారు. తను వాటిని పట్టించుకోదలచుకోలేదని, ముందుగా తను అమెరికన్ననే ఎప్పుడూ అనుకున్నానని ఆమె విలేకరులతో చెప్పింది.

మనవాళ్లు అమెరికన్లను తిట్టిపోస్తుండగా ఇంకో ప్రశ్న కూడా లేచింది. ఇంత చామనఛాయ అమ్మాయి మన దేశంలో పోటీ చేస్తే గెలిచేదా? ఆ రోజు జవాబు కోసం దూరం వెళ్లక్కర్లేకపోయింది. ఆదివారం పేపర్లో పెళ్లి ప్రకటనల పేజీ తిప్పితే సరిపోయేది. తర్వాతి ఏళ్లలో నీనా పట్టుకున్నదీ అదే. తెల్లబడే క్రీముల మీద, రంగు పిచ్చి మీద ప్రచారం చేసింది. అక్కడి తిట్లకే కాదు, ఇక్కడి మెచ్చుకోలులో దాగిన ముల్లుకూ జవాబు చెప్పిందన్నమాట.

ఇప్పుడు వెళ్తే

నీనా గెలిచిన మరుసటి ఏడాది, 2014లో, నాలుగు క్యాసినోలు మూతపడ్డాయి. హాలు పక్కనే ఉన్న ట్రంప్ ప్లాజాను 2021 ఫిబ్రవరిలో పేలుడు పదార్థాలు పెట్టి కూల్చేశారు. అంతకుముందే కిరీటమూ ఊరు వదిలింది. 2018 సెప్టెంబరులో ఈత దుస్తుల విభాగాన్ని ఎత్తేసి మరీ జరిపిన పోటీయే అట్లాంటిక్ సిటీలో ఆఖరుది. ఏ ఈత దుస్తులతో మొదలైందో అవి పోయిన ఏడాదే ఊరితో బంధమూ తెగింది. మరుసటి పోటీ కనెక్టికట్‌లో జరిగింది.

వెళ్లదలచుకున్న వాళ్లు జూలై రద్దీలో కాకుండా లేబర్ డే దాటాక వెళ్లడం మేలు. ఒడ్డుకు టికెట్ లేదు. నీళ్లు అప్పటికింకా వెచ్చగానే ఉంటాయి, పిల్లలకు ఇసుకలో కావలసినంత చోటు. హోటళ్లవాళ్లు వందేళ్ల కిందట భయపడిన ఆ ఖాళీ రోజులే ఈ ఊళ్లో అన్నిటికంటే హాయైన రోజులు. సాయంత్రం హాలు ముందున్న బల్లల మీద కూర్చుంటే ఎదురుగా సముద్రం. కాస్త అవతల, బేరాల్లేని తోపుడు కుర్చీలవాళ్లు తమ కుర్చీల్లో తామే కూలబడి అలలకేసి చూస్తుంటారు.